బీపీ పడిపోయేదాకా ఆగకూడదు

డెంగీ వచ్చిన పిల్లవాడికి నాలుగో రోజో ఐదో రోజో జ్వరం దిగుతుంది. ఒళ్ళు చల్లబడిందని ఇంట్లో అందరూ స్థిమితపడతారు. డెంగీలో అసలు గండం మొదలయ్యేది చాలావరకు అప్పుడే. రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని పలుచని ద్రవం, అంటే ప్లాస్మా, పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న ఖాళీలోకీ ఊరిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, పరిమాణంలో తగ్గుతుంది. పిల్లవాడు కడుపునొప్పి అంటాడు, వాంతులు ఆగవు, మగతగా పడుకుంటాడు. అరచేతులు చల్లగా, చెమ్మగా తగులుతాయి. ఆ సమయంలో బీపీ చూస్తే 100/80 ఉండొచ్చు. పై అంకె విని "బీపీ బాగానే ఉందిలే" అనేస్తారు. కానీ పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా 20కి తగ్గిందంటే ఆ పిల్లవాడు అప్పటికే షాక్‌లో ఉన్నట్టు లెక్క.

ఒంట్లోని అవయవాలకు కావలసినంత ఆక్సిజన్‌ను రక్తం చేరవేయలేకపోవడాన్ని వైద్యులు షాక్ అంటారు. బీపీ తగ్గడం దానికి ఒక లక్షణం మాత్రమే, అది కూడా చాలాసార్లు ఆలస్యంగా కనిపించే లక్షణం. డెంగీ వార్డు బయట కూర్చున్న బంధువులంతా ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతారు. వైద్యుడు వాటితో పాటు, ఒక్కోసారి వాటికంటే ఎక్కువగా, రక్తం చిక్కదనాన్ని చూస్తాడు. ఆ చిక్కదనాన్ని చెప్పే హెమటోక్రిట్ పెరుగుతోందా, నాడి సన్నబడుతోందా, మూత్రం వస్తోందా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులే పిల్లవాడి పరిస్థితిని చెబుతాయి.

బీపీ ఎందుకు ఆలస్యంగా పడుతుందో తెలిస్తే మిగతా సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి. 70 కిలోల మనిషిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. గాయమై అందులో 15 నుంచి 30 శాతం, అంటే ముప్పావు లీటరు నుంచి లీటరున్నర దాకా పోయినా, పడుకోబెట్టి చూస్తే పై బీపీ మామూలుగానే ఉండొచ్చు. ఎందుకంటే శరీరం వెంటనే సర్దుబాటు మొదలుపెడుతుంది. అడ్రినలిన్ వంటి రసాయనాలు ఎగజిమ్ముతాయి. గుండె వేగం పెరుగుతుంది. చర్మానికీ పేగులకూ మూత్రపిండాలకూ వెళ్ళే నాళాలు బిగుసుకుని, ఉన్న రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్ళిస్తాయి. బీపీ అంకెను నిలబెట్టడానికి చర్మం, మూత్రపిండాలు మూల్యం చెల్లిస్తుంటాయి. ఆ ఓపిక అయిపోయాక అంకె ఒక్కసారిగా జారుతుంది. పిల్లల్లో, వయసులో ఉన్నవాళ్ళలో ఈ సర్దుబాటు మరీ గట్టిగా ఉంటుంది. కాబట్టి చిన్నపిల్లల బీపీ పడిందంటే చాలా ఆలస్యమైందనే అర్థం.

అందుకే యంత్రం చూపే అంకె కోసం ఎదురుచూడకుండా, ముందుగా మూల్యం చెల్లిస్తున్న అవయవాల్ని చూడాలి. మొదటిది చర్మం. చేతివేలి గోటిని 5 సెకన్లపాటు నొక్కి వదలండి. తెల్లబడిన చోటు 2 సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. 3 సెకన్లు దాటినా రంగు రాలేదంటే చర్మానికి రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. చలిగా ఉన్న గదిలో, పెద్ద వయసువారిలో ఇది కాస్త నెమ్మదిగానే ఉంటుంది, ఆ మాట గుర్తుంచుకోవాలి. మన చామనఛాయ, నలుపు ఒంటి మీద పాలిపోవడం సరిగా తెలియదు, కాబట్టి కింది కనురెప్ప లోపల, నాలుక మీద, అరచేతుల్లో చూడాలి. మోకాళ్ళ చుట్టూ వల అల్లినట్టు నీలపు మచ్చలు వస్తే పరిస్థితి ముదిరినట్టే.

గోరు నొక్కి చూడటం పాతకాలపు పద్ధతి అని తీసిపారేయకండి. దక్షిణ అమెరికాలోని 5 దేశాల ఐసీయూల్లో జరిగిన ఆండ్రోమెడా షాక్ అనే అధ్యయనం 2019లో వెలువడింది. సెప్టిక్ షాక్, అంటే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి వచ్చే షాక్, ఉన్న రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రక్తంలో లాక్టేట్ అనే రసాయనాన్ని కొలిచే పరీక్షను బట్టి, రెండో జట్టుకు వేలికొనకు రంగు తిరిగొచ్చే వేగాన్ని బట్టి చికిత్స నడిపారు. 28 రోజుల్లో మొదటి జట్టులో 43.4 శాతం మంది, రెండో జట్టులో 34.9 శాతం మంది చనిపోయారు. గణాంకాల లెక్కలో ఈ తేడాను ఖాయం అనడానికి కొద్దిలో తప్పింది. అయినా ఖర్చులేని ఒక పరీక్ష ఖరీదైన పరీక్షకు ఏమాత్రం తీసిపోలేదన్నది నాకు చాలా విలువైన సంగతిగా తోస్తుంది. మండల కేంద్రంలోని చిన్న ఆసుపత్రిలో లాక్టేట్ యంత్రం ఉండకపోవచ్చు, వేళ్ళు మాత్రం ప్రతి రోగికీ ఉంటాయి.

రెండోది మూత్రం. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. ఇంట్లో కొలవలేం గానీ, ఆరు గంటలైనా మూత్రానికి లేవలేదంటే పట్టించుకోవాలి. మూడోది మనిషి తీరు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మామ్మ ఉన్నట్టుండి విసుక్కుంటుంటే, పొంతన లేకుండా మాట్లాడుతుంటే, కూతుర్ని గుర్తుపట్టకపోతే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకూడదు. మెదడుకు రక్తం తగ్గడానికి అది గుర్తు కావచ్చు. నాలుగోది నాడి. పెద్దవాళ్ళలో నాడి వేగం పై బీపీ అంకెను దాటితే, అంటే నాడి 120, పై బీపీ 100 ఉంటే, విడివిడిగా ఏ అంకె భయపెట్టేలా లేకపోయినా ఆ మనిషి ప్రమాదంలో ఉన్నట్టే. ఇందులో ఒక మెలిక ఉంది. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవారికి నాడి వేగం పెరగకపోవచ్చు. వాళ్ళ విషయంలో చల్లని చేతుల్నీ మగతనూ నమ్మాలి.

ఇక సెలైన్ సంగతి. మన ఊళ్ళలో నీరసం వచ్చినా జ్వరం వచ్చినా "ఒక బాటిల్ ఎక్కించండి డాక్టరుగారూ" అని అడగడం అలవాటైపోయింది. సెలైన్ ప్రాణం నిలబెట్టిన చరిత్ర నిజంగానే గొప్పది. 1830ల తొలినాళ్ళలో బ్రిటన్‌లో కలరా ప్రబలినప్పుడు, తర్వాతి కాలంలో కలకత్తాలో పనిచేసిన ఓషానెసీ అనే యువ వైద్యుడు, రోగుల రక్తంలో నీరూ లవణాలూ బాగా తగ్గిపోతున్నాయని తేల్చాడు. అది చదివిన థామస్ లాటా 1832లో స్కాట్లాండ్‌లోని లీత్ పట్టణంలో ఉప్పునీటిని నేరుగా రక్తనాళంలోకి ఎక్కించి, చావు అంచున ఉన్న కొందరిని బతికించాడు. కానీ అదే సెలైన్ మరో రకం షాక్‌లో మనిషిని ముంచేస్తుంది. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాలలో జరిగిన ఫీస్ట్ అధ్యయనం వైద్య ప్రపంచాన్ని కుదిపేసింది. తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ తగ్గిన స్థితిలో వచ్చిన 3 వేల మందికి పైగా పిల్లల్లో, వేగంగా ద్రవం ఎక్కించినవారిలో 48 గంటల్లో సుమారు 10.5 శాతం మంది చనిపోగా, అలా ఎక్కించని పిల్లల్లో 7.3 శాతం మందే చనిపోయారు. విరేచనాలతో ఒంట్లో నీరు ఎండిపోయిన పిల్లల్ని ఆ అధ్యయనంలో చేర్చలేదు, వాళ్ళకు ద్రవం కావలసిందే. అందుకే ఏ షాక్ అన్నది తేలకుండా సెలైన్ మంచిదా చెడ్డదా అని అడగడానికి లేదు.

షాక్‌లో నాలుగు రకాలున్నాయి. మొదటిది, రక్తమో నీరో తగ్గిపోవడం వల్ల వచ్చేది, మనకు బాగా తెలిసినది. వాంతులు, విరేచనాలు, కాలిన గాయాలు, రక్తస్రావం దీనికి కారణాలు. విరేచనాలైతే షాక్ దాకా పోకుండా ఇంట్లోనే ఆపవచ్చు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిపోయిన బన్‌గావ్ శిబిరంలో సెలైన్ బాటిళ్ళు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళు తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇప్పుడు ఓఆర్ఎస్ పొట్లం ప్రతి మందుల షాపులో దొరుకుతుంది. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ చెంచాకు సమంగా కొలిచి కలపాలి. ఓఆర్ఎస్ అని రాసి అమ్మిన తియ్యటి పండ్లరసం డబ్బాలు వేరు. వాటిలోని ఎక్కువ చక్కెర విరేచనాల్ని ఇంకా పెంచగలదు. హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలపై ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

రక్తస్రావంలో సెలైన్ కొంతసేపు ఆదుకుంటుంది గానీ రక్తం పని చేయదు. ఆక్సిజన్‌ను మోసే ఎర్రకణాలు అందులో లేవు, గడ్డకట్టించే పదార్థాలు లేవు. ఎక్కువైతే ఉన్న రక్తాన్నీ పలచబరిచి స్రావాన్ని పెంచుతుంది. బైకు ప్రమాదంలో తొడ ఎముక విరిగితే బయట చుక్క రక్తం కనిపించకుండానే లీటరు దాకా లోపలే పోవచ్చు. కాన్పు తర్వాత రక్తస్రావం ఇంకా వేగంగా ముంచుకొస్తుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంటుంది. కాన్పయ్యాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే ఆ ధార ఆగదు. పైగా గర్భవతికి మామూలుకంటే రక్తం ఎక్కువ ఉంటుంది కాబట్టి చాలాసేపు లక్షణాలు బయటపడవు. బాలింత దాహం దాహం అంటున్నా, గాలి ఆడటం లేదంటున్నా, కంగారు పడుతున్నా అది నీరసమని దుప్పటి కప్పి వదిలేయకూడదు, వెంటనే నర్సును పిలవాలి. కాన్పు తర్వాత రక్తస్రావానికి ట్రానెక్సామిక్ యాసిడ్ సూది 3 గంటల లోపు ఇస్తేనే మేలని 2017లో వచ్చిన విమన్ అధ్యయనం తేల్చింది.

రెండో రకం, గుండె చతికిలపడి వచ్చే షాక్, దీనికి పూర్తిగా వ్యతిరేకం. పెద్ద గుండెపోటులో ఎడమ జఠరిక కండరం చాలావరకు దెబ్బతింటే, నాళాల్లో రక్తం నిండా ఉన్నా ముందుకు తోసే శక్తి ఉండదు. వెనక్కి తన్నిన ద్రవం ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మనిషి పడుకోలేడు, లేచి కూర్చుని ఆయాసపడతాడు, చల్లని చెమటలు కారిపోతాయి, మెడనరాలు ఉబ్బుతాయి. షుగర్ ఉన్నవారిలో ఛాతీనొప్పి లేకుండానే ఇదంతా జరగొచ్చు. ఇక్కడ గబగబా సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తులు మునుగుతాయి. మన ఇళ్ళలో ఇంకో అలవాటు ఉంది, గుండె అనగానే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టడం. ఆ మాత్ర నాళాల్ని సడలించి బీపీని తగ్గిస్తుంది. అప్పటికే చెమటలతో చల్లబడి, కళ్ళు తిరుగుతున్న మనిషికి దాన్ని పెట్టడం ప్రమాదం. ఈ షాక్‌కు అసలైన చికిత్స మూసుకుపోయిన ధమనిని వెంటనే తెరవడమే. 6 నెలల తర్వాత చూస్తే, అలా వెంటనే తెరవనివారి కంటే తెరిచినవారిలో ఎక్కువమంది బతికి ఉన్నారని 1999 నాటి షాక్ ట్రయల్ చూపింది. కాబట్టి దగ్గర్లో అలా ధమనిని తెరిచే క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఉంచుకోవాలి. మంచి ఆసుపత్రిలో చేరినా ఈ రకం షాక్ ఇప్పటికీ చాలామంది ప్రాణాల్ని తీస్తోంది.

ఎర్రతేలు కాటు కూడా ఈ కోవలోకే వస్తుంది. దాని విషం ఒంట్లో అడ్రినలిన్ వంటి రసాయనాల ఉప్పెన తెస్తుంది. నాళాలు బిగుసుకుని, గుండె ఆ ఒత్తిడిని మోయలేక, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పిల్లవాడి చేతులు చల్లబడి చెమటలు పడుతున్నాయి కదా అని సెలైన్ పోస్తే నష్టమే. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్, చవకగా దొరికే ప్రజోసిన్ మాత్రతో ఈ ఉప్పెనను అణచవచ్చని చూపి వేలమంది ప్రాణాలు దక్కించాడు. ఒక చిన్న ఊరి వైద్యుడు రోగి మంచం పక్కన కూర్చుని గమనించి కనిపెట్టిన చికిత్స ఇది. ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

మూడో రకంలో రక్తం ఉంది, గుండె కొట్టుకుంటోంది, కానీ నాళాలు పట్టు వదిలేశాయి. ఇందులో ఎక్కువగా చూసేది సెప్టిక్ షాక్. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగర్ రోగి పాదం మీద మానని పుండు వంటివి రక్తంలోకి పాకి దీన్ని తెస్తాయి. మొదట్లో చేతులు వెచ్చగా ఉండి మోసం చేయవచ్చు. ముసలివాళ్ళకు జ్వరమే రాకపోవచ్చు. ఊపిరి వేగంగా తీయడం, మాట తడబడటం ముందు కనిపిస్తాయి. సెప్టిక్ షాక్ అని అనుమానం రాగానే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. మొదటి 3 గంటల్లో కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్ల ద్రవం ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తాయి. దానితో కోలుకోకపోతే నాళాల్ని బిగించే నారడ్రినలిన్ మొదలుపెడతారు. లోపల చీము ఉంటే తీసేయాలి. చీము తీయకుండా మందులు మారుస్తూ పోతే లాభం లేదు.

అలర్జీ వల్ల వచ్చే అనాఫిలాక్సిస్ నిమిషాల్లో జరిగిపోతుంది. కందిరీగలు కుట్టాక, రొయ్యలో వేరుశెనగలో తిన్నాక, సూదిమందు పడ్డాక ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం వంటివి వస్తాయి. దద్దుర్లు లేకుండా కూడా రావచ్చు. దీనికి ముందుగా పడాల్సిన మందు అడ్రినలిన్ ఒక్కటే. పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండరంలోకి. 5 నిమిషాల్లో తేలికపడకపోతే ఇంకోసారి. అవిల్, డెక్సా సూదులు తర్వాత ఇవ్వొచ్చు గానీ అవి ఊపిరి తెరవలేవు, బీపీ నిలబెట్టలేవు. అడ్రినలిన్ అంటే గుండెకు ఏమవుతుందోనన్న భయంతో ఆలస్యం చేయడమే ఎక్కువ ప్రాణాలు తీస్తోంది. ఈ రోగిని లేపి నడిపించకూడదు. లేచి నిలబడిన క్షణంలో గుండె ఆగిపోయిన సందర్భాలున్నాయి. పాముకాటుకు విరుగుడు మందు ఎక్కించే ప్రతిచోటా పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకునేది కూడా, ఆ విరుగుడే ఒక్కోసారి అలర్జీ తెస్తుంది కాబట్టి. వెన్నుపూస దెబ్బతిన్నప్పుడు నరాల పట్టు పోయి వచ్చే షాక్ కూడా ఈ రకానిదే, ఇందులో చర్మం వెచ్చగా, నాడి నెమ్మదిగా ఉంటుంది. ప్రమాదంలో పడినవాడిని వెన్ను వంగకుండా, మెడ తిప్పకుండా బల్లమీద ఎక్కించమనేది అందుకే.

నాలుగోది రక్తం దారికి అడ్డు పడటం. ఆపరేషన్ తర్వాత మంచానికే అతుక్కుపోయిన మనిషికి పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తి ధమనిలోకి చేరడం, పక్కటెముక విరిగి ఛాతీలో గాలి ఒత్తిడి పెరగడం, క్షయ వల్ల గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు నిండడం ఇలాంటివే. అడ్డు తీసేస్తే మనిషి కళ్ళముందే తేరుకుంటాడు. ఛాతీలోకి ఒక సూది, గుండె పొరలోంచి ఓ గ్లాసుడు నీరు తీయడం, గడ్డను కరిగించే మందు. అడ్డు అలాగే ఉంచి ఎన్ని బాటిళ్ళు పోసినా ఫలితం ఉండదు.

ఒకే రోగిలో రెండు మూడు రకాలు కలిసి ఉండటం మామూలే. రక్తపింజరి కాటులో రక్తస్రావమూ ఉంటుంది, నాళాలు కారడమూ ఉంటుంది. అందుకే అత్యవసర విభాగంలో ఇప్పుడు మంచం దగ్గరే అల్ట్రాసౌండ్ పెట్టి గుండె ఎలా కొడుతోంది, పెద్ద సిర నిండుగా ఉందా ముడుచుకుందా, ఊపిరితిత్తుల్లో నీరుందా అని చూస్తారు. ద్రవాన్ని కొద్దికొద్దిగా ఇచ్చి, ప్రతిసారీ రోగిని మళ్ళీ పరీక్షిస్తారు. డెంగీలోనూ అంతే, రెండు మూడు రోజులకు ఊరిపోయిన ద్రవం తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పుడు సెలైన్ తగ్గించి, ఆపాలి. "బాటిల్ ఎందుకు తీసేశారు" అని ఆ సమయంలో నర్సుతో గొడవపడకండి.

ఇంటి దగ్గర చేయాల్సినవి కొన్నే. 108కి ఫోన్ చేయండి. మనిషిని చదునుగా పడుకోబెట్టండి. రక్తస్రావమో అలర్జీయో అయితే, వెన్నుకూ కాళ్ళకూ దెబ్బలు లేకపోతే, కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టండి. ఆయాసపడుతున్న మనిషిని మాత్రం బలవంతంగా పడుకోబెట్టకుండా, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టండి. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, మధ్యమధ్య తీసి చూడకుండా పట్టుకోండి. మగతలో ఉన్నవారి నోట్లో నీళ్ళు, సోడా, కాఫీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకోండి. వైద్యుడు అడిగేలోపే చెప్పవలసినవి నాలుగు: ఎప్పుడు మొదలైంది, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసుకున్నారు, ఏ మందులు పడవు, దారిలో ఎక్కడైనా ఎన్ని బాటిళ్ళు ఎక్కించారు.